బీటాకు వెళ్లే దారి, తిరిగొచ్చే దారి

2018 ఫిబ్రవరిలో మన ‘జ్ఞా’ అక్షరం ప్రపంచమంతటా వార్తల్లోకెక్కింది. ఆ సంయుక్తాక్షరానికీ దాని దీర్ఘానికీ నడుమ కంటికి కనబడని ఒక విడదీత గుర్తు చేరితే చాలు, ఐఫోను దాన్ని తెర మీద గీయలేక కుప్పకూలేది. ఆ మెసేజి వచ్చిన యాప్ తెరుచుకునేది కాదు. అదే నోటిఫికేషన్‌గా వస్తే ఏకంగా హోమ్ స్క్రీనే పడిపోయేది. మాక్ కంప్యూటర్లకూ ఆపిల్ వాచీలకూ అదే గతి పట్టింది. మామూలుగా ‘జ్ఞానం’ అని టైపు చేస్తే ఏమీ అయ్యేది కాదు, అందులో ఆ గుర్తు ఉండదు కాబట్టి. కాని గుర్తు ఉన్న అక్షరాన్ని ఇతర భాషలవాళ్లు కూడా కాపీ చేసి ఒకరికొకరు పంపుకుంటూ పోయారు. ఫిబ్రవరి 19న ఆపిల్ ఐఫోను ఆపరేటింగ్ సిస్టమ్‌కు కొత్త వెర్షన్ ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి ఆ లోపాన్ని సరిదిద్దింది.

ఆ కొద్ది రోజులూ ఈ బెడద అంటని వాళ్లు కొందరున్నారు. అప్పటికే ఐఓఎస్ 11.3 బీటా, అంటే విడుదలకు ముందు పరీక్ష కోసం ఇచ్చే వెర్షన్, వాడుతున్నవాళ్లు. దిద్దుబాటు అందులో ముందే చేరిపోయింది. తెలుగు అక్షరం వల్ల లోకమంతా ఫోన్లు పడిపోతుంటే, పరీక్షలో ఉన్న వెర్షన్ నిబ్బరంగా నిలబడింది.

ఈ ఉదంతంతో మొదలుపెట్టడానికి కారణం ఉంది. బీటా అంటే తెలిసీ తెలియనివాళ్ల సరదా అని నేను అనుకోను. విడుదలకు ముందే ఎవరో ఒకరు వాడి చూసి, తప్పులు చెప్పకపోతే సాఫ్ట్‌వేర్ బాగుపడదు. భారతీయ లిపుల విషయంలో ఆ మాట మరింత నిజం. అయితే ఆ పరీక్షను ఏ కంప్యూటర్ మీద చేస్తున్నాం అన్నది వేరే ప్రశ్న. ఇంట్లో ఉన్నది ఒక్కటే కంప్యూటర్ అయి, దానిలోనే పిల్లల ఫోటోలు, ఉద్యోగపు ఫైళ్లు, పన్ను కాగితాలు ఉన్నప్పుడు, కొత్త వెర్షన్ మీది మోజుతో దాన్ని బీటాకు అప్పగించడం నాకు భయం కలిగిస్తుంది. ఈ మధ్య ఆ పని మరీ తేలికైపోయింది. 2023 నుంచి, యాప్‌లు తయారుచేసేవాళ్లకు ముందుగా ఇచ్చే ఆపిల్ డెవలపర్ బీటాలు కూడా ఉచితమే. విండోస్‌లో అయితే సెట్టింగులలో నాలుగు నొక్కులు చాలు.

బీటా వద్దనేవాళ్లు సాధారణంగా చెప్పే కారణాలు ఇవి: బ్యాటరీ త్వరగా అయిపోతుంది, యాప్‌లు ఉన్నట్టుండి మూసుకుపోతాయి, ప్రింటరు పలకదు. ఇవన్నీ నిజమే గాని, అసలు ప్రమాదం ఇక్కడ లేదు. ఇలాంటివి రెండు వారాల్లో వచ్చే తర్వాతి అప్‌డేట్‌తో పోవచ్చు, పోకపోయినా విసుగే తప్ప నష్టం ఉండదు. భయపడవలసింది వెనక్కి తీసుకోలేని మార్పులకు. తోడు వేసిన పాలు పెరుగయ్యాక మళ్లీ పాలు కావు. ఆపరేటింగ్ సిస్టమ్ కొత్త వెర్షన్ మన సమాచారాన్ని తాకే తీరు చాలాచోట్ల అలాంటిదే, అదీ మనకు కనబడకుండా జరుగుతుంది.

డిస్కు మీద ఫైళ్లు ఎక్కడెక్కడ ఉన్నాయో రాసి పెట్టుకునే పద్ధతినే ఫైల్ సిస్టమ్ అంటాం. 2017లో ఆపిల్ మాక్‌లలో దాన్ని సమూలంగా మార్చింది. అప్పటిదాకా ఉన్న హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ స్థానంలో ఏపీఎఫ్‌ఎస్ వచ్చింది. హై సియెర్రా అనే ఆ వెర్షన్ ఇన్‌స్టాల్ అవుతూ అవుతూనే, డిస్కు మొత్తం ఎస్‌ఎస్‌డీ (తిరిగే పళ్లెం లేని, వేగమైన చిప్ నిల్వ) అయిన మాక్‌లను కొత్త పద్ధతికి మార్చేసేది. కొన్ని ఐమాక్‌లలో, మాక్ మినీలలో ఫ్యూజన్ డ్రైవ్ ఉండేది, అంటే చిన్న ఎస్‌ఎస్‌డీనీ పెద్ద హార్డ్ డిస్కునూ కలిపి ఒకే డిస్కులా చూపే ఏర్పాటు. ఆ వేసవిలో వచ్చిన తొలి బీటాలు ఈ ఫ్యూజన్ డ్రైవ్‌లను కూడా ఏపీఎఫ్‌ఎస్‌కు మార్చాయి. సెప్టెంబరు 25న అసలు విడుదల వచ్చేసరికి ఆపిల్ మనసు మార్చుకుంది. ఫ్యూజన్ డ్రైవ్‌లకు కొత్త పద్ధతి ఇంకా సిద్ధం కాలేదని తేల్చి, వాటిని వదిలేసింది. దాంతో ఏ బీటా లేకుండా వేచి ఉన్నవాళ్లకు ఏ ఇబ్బందీ లేదు. ముందే బీటా వేసుకున్నవాళ్లు మాత్రం తుది వెర్షన్ ఆమోదించని డిస్కుతో మిగిలారు. వాళ్ల కోసం ఆపిల్ ప్రత్యేకంగా సూచనలు ప్రచురించవలసి వచ్చింది. మొత్తం బ్యాకప్ తీసుకుని, డిస్కు చెరిపేసి, పాత పద్ధతిలో మళ్లీ ఫార్మాట్ చేసి, సిస్టమ్ ఎక్కించి, ఆపై ఫైళ్లు తిరిగి తెచ్చుకోవాలి. ఫ్యూజన్ డ్రైవ్‌లకు ఏపీఎఫ్‌ఎస్ అధికారికంగా అందింది మరుసటి ఏడాది, తర్వాతి మాక్ వెర్షన్ మొహావీతో.

బీటాను ‘కొద్దిగా ముందు వచ్చిన తుది వెర్షన్’ అనుకునేవాళ్లు ఇక్కడ కాసేపు ఆగి ఆలోచించాలి. బీటాలో ఉన్నది తుది రూపంలో ఉండాలన్న నియమం లేదు. కంపెనీ వెనక్కి తగ్గుతుంది, మన డిస్కు తగ్గదు.

క్లౌడ్ వచ్చాక ఈ చిక్కు ఒక్క కంప్యూటర్‌తో ఆగడం లేదు. 2019 వేసవిలో ఐఓఎస్ 13, మాక్ కేటలీనా బీటాలలో, ఫైళ్లు ఆన్‌లైన్‌లో దాచే తన ఐక్లౌడ్ డ్రైవ్ లోపలి అమరికను ఆపిల్ మార్చింది. ఫోల్డర్లను ఇతరులతో పంచుకునే సౌకర్యం కూడా రావలసి ఉంది. బీటా వాడినవాళ్లకు ఫైళ్లు మాయం కావడం, ఒకే ఫోల్డరు రెండు మూడుసార్లు కనబడటం మొదలైంది. యాప్‌లు తయారుచేసేవాళ్లు తమ వినియోగదారులను బహిరంగంగా హెచ్చరించారు. చివరకు ఆపిల్ ఆ మార్పులను ఉపసంహరించుకుంది. ఫోల్డరు పంచుకునే సౌకర్యం 2020 మార్చిలో గాని రాలేదు. కంప్యూటర్ ఒక్కటే బీటాలోకి వెళ్లిందని మనం అనుకుంటాం. దానిలో మన అకౌంటుతో సైన్ ఇన్ అయి ఉంటే ఆ అకౌంటు కూడా వెళుతుంది. బీటా యంత్రం పొరపాటున ఒక ఫైలును చెరిపితే ఆ చెరిపివేత బుద్ధిగా సర్వరుకు చేరుతుంది, అక్కడి నుంచి జేబులోని ఫోనుకూ, బీటా మాటే ఎరగని ఇంట్లోవాళ్ల కంప్యూటర్‌కూ చేరుతుంది. ‘నా ఫైళ్లన్నీ క్లౌడ్‌లో ఉన్నాయి, నాకేం భయం’ అని చాలామంది ధైర్యంగా చెప్పడం వింటుంటాను. సింక్ వేరు, బ్యాకప్ వేరు. సింక్ అంటే అన్ని చోట్లా ఒకేలా ఉంచడం, తప్పును కూడా.

ఆ ఏడాదే రిమైండర్స్ యాప్ విషయంలో ఇంకో చిన్న పాఠం. ఐఓఎస్ 13 కొత్త రకం జాబితాలు తెచ్చింది. ఫోనులో వాటిని కొత్త రూపానికి మార్చుకున్నవాళ్లకు, పాత వెర్షన్‌లోనే ఉన్న తమ మాక్‌లో ఆ జాబితాలు కనబడటం మానేశాయి. ఫోను వెర్షన్ సెప్టెంబరులో, మాక్ వెర్షన్ అక్టోబరులో వచ్చాయి కాబట్టి తుది విడుదల కోసం ఆగినవాళ్లకు కూడా కొన్ని వారాల ఎడబాటు తప్పలేదు. బీటా వేసుకున్నవాళ్లకు అది నెలలకు సాగింది.

బ్యాకప్ ఉంటే ఇవన్నీ దాటవచ్చు, నిజమే. ఐఫోను విషయంలో మాత్రం ఒక మెలిక ఉంది. బీటాలో ఉండగా తీసిన బ్యాకప్‌ను పాత వెర్షన్‌లోకి తిరిగి ఎక్కించలేం. బీటాకు వెళ్లే ముందు తీసి, విడిగా భద్రపరచినదే పనికొస్తుంది. అంటే ఆగస్టులో వెనక్కి వస్తే జూన్ నాటి ఫోను చేతికొస్తుంది.

డిస్కు చెరిపి, బ్యాకప్‌తో అంతా మొదటికి తెచ్చుకోగలమన్న భరోసాకు కూడా ఒక హద్దుంది. 2008లో జరిగినది నా దృష్టిలో అన్నిటికంటే పెద్ద హెచ్చరిక. లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి భాగాన్ని కెర్నెల్ అంటారు. దాని 2.6.27 వెర్షన్ అప్పుడు తయారీలో ఉంది. దాని పరీక్ష రూపాలను లినక్స్ మీద కట్టిన ఉబుంటు, ఓపెన్‌సూసే వంటి సిస్టమ్‌లు తమ ఆల్ఫా (బీటాకూ ముందరి దశ), బీటా విడుదలలలో చేర్చాయి. వాటిని ఎక్కించుకున్న కొందరి కంప్యూటర్లలో ఇంటెల్ నెట్‌వర్క్ కార్డు చచ్చిపోయింది. పాత వెర్షన్ మళ్లీ ఎక్కించినా లేవలేదు. విండోస్ వేసినా లేవలేదు. కార్డు తన వివరాలు రాసి పెట్టుకునే శాశ్వత మెమరీయే చెడిపోయింది. మదర్‌బోర్డులోనే కలిసి ఉండే కార్డు అది, విడిగా తీసి మార్చుకునే వీలు లేదు.

అందరూ మొదట ఆ కార్డు డ్రైవరునే, అంటే కార్డును నడిపించే సాఫ్ట్‌వేర్‌నే, అనుమానించారు. అసలు దోషి ఆ డ్రైవరుతో ఏ సంబంధమూ లేని ఇంకో భాగమని తేలడానికి వారాలు పట్టింది. కెర్నెల్ లోపల ఏ పని ఎప్పుడు జరుగుతోందో గమనించే ఎఫ్‌ట్రేస్ అనే సాధనం అప్పుడే కొత్తగా చేరింది. అది కోడ్‌లో తాను గుర్తులు పెట్టిన చిరునామాలను రాసి ఉంచుకుని, తర్వాత ఒక్కొక్క చోటికీ వెళ్లి ఆ గుర్తును చెరుపుతుంది. మరోవైపు, డ్రైవర్లు మొదలయ్యేటప్పుడు ఒక్కసారి మాత్రమే అవసరమయ్యే కోడ్‌ను కెర్నెల్ పని అయ్యాక తీసేసి, ఆ జాగాను వేరేవాళ్లకు ఇస్తుంది. ఎఫ్‌ట్రేస్‌కు ఆ సంగతి తెలియదు. ఇల్లు ఖాళీ చేసి వెళ్లినవాళ్ల కోసం వచ్చి, కొత్తగా దిగినవాళ్ల సామాను కదిలించినట్టు, అది పాత చిరునామాకే వెళ్లేది. కొన్ని యంత్రాల్లో ఆ చిరునామాలో కొత్తగా దిగింది నెట్‌వర్క్ కార్డు శాశ్వత మెమరీ. ఇంకా విడ్డూరమేమిటంటే, ఎఫ్‌ట్రేస్ జాగ్రత్తగానే రాశారు. ముందు పోల్చి చూసి, తాను వెతికే గుర్తు ఉంటేనే మార్చాలన్న ఏర్పాటు అందులో ఉంది. కాని అందుకు వాడిన ప్రాసెసర్ ఆదేశం, పోలిక కుదరకపోయినా చదివిన విలువనే మళ్లీ అక్కడ రాస్తుంది. మామూలు మెమరీలో దానివల్ల ఏ నష్టమూ లేదు. ఆ కార్డుకు అదే ప్రాణాంతకమైంది.

ఇందులో ఎవరి నిర్లక్ష్యమూ లేదు. నిపుణులే, శ్రద్ధగానే చేశారు. దేనికదే సరైన రెండు మూడు భాగాలు మొదటిసారి ఒకే యంత్రంలో కలిసినప్పుడు పుట్టే తప్పులు ఇలాగే ఉంటాయి. వాటిని కనిపెట్టడానికే బీటా. కాబట్టి ఏం చెడుతుందో ముందే ఊహించి జాగ్రత్తపడతాం అనుకోవడానికి ఇక్కడ తావు లేదు. ఊహకు అందేవన్నీ కంపెనీ లోపలి పరీక్షల్లోనే చాలావరకు దొరికిపోయి ఉంటాయి.

లక్షల మంది వాడుతున్నారు కదా, పెద్ద తప్పు ఉంటే ఎవరో ఒకరు పట్టుకుని ఉండరా అన్న ప్రశ్న వస్తుంది. పట్టుకుంటారు. ఆ మాట చెవికెక్కడమే కష్టం. 2018 అక్టోబరు 2న మైక్రోసాఫ్ట్ విండోస్ 10 కొత్త అప్‌డేట్ ఇచ్చింది, 1809 అని పిలిచేది. అది వేసుకున్న కొందరి డాక్యుమెంట్లు, ఫోటోలు మాయమయ్యాయి. డాక్యుమెంట్స్ ఫోల్డరును వేరే డ్రైవుకు మార్చుకుని, పాత చోట కొన్ని ఫైళ్లు అలాగే వదిలేసినవాళ్లు వాళ్లలో ఉన్నారు. పాత ఫోల్డరు ఇక అనవసరమని లెక్కగట్టి, అప్‌డేట్ దాన్ని లోపలి ఫైళ్లతో సహా చెరిపేసింది. నాలుగు రోజుల్లో మైక్రోసాఫ్ట్ పంపిణీ ఆపేసింది, సరిదిద్ది మళ్లీ ఇచ్చింది నవంబరు 13న. మనసు కలచివేసే సంగతి తర్వాత బయటపడింది. ఇదే నష్టం జరిగిందని ఇన్‌సైడర్లు, అంటే విండోస్ బీటాలు పరీక్షించడానికి పేరు నమోదు చేసుకున్నవాళ్లు, కొందరు నెలల ముందే ఫిర్యాదులు చెప్పుకునే ఫీడ్‌బ్యాక్ హబ్‌లో రాశారు. వేలాది ఫిర్యాదుల్లో, ఎక్కువ ఓట్లు పడనందువల్ల, అవి అడుగున పడిపోయాయి. ఆ తర్వాతే ఫిర్యాదు ఎంత తీవ్రమైనదో చెప్పే వీలును మైక్రోసాఫ్ట్ ఆ హబ్‌లో చేర్చింది.

వాళ్ల గురించి ఆలోచించినప్పుడు బాధ కలుగుతుంది. తమ సమాచారం పోగొట్టుకుని, ఆ విషయం సరైన చోటే చెప్పి, ఎవరూ వినకపోగా, అదే దెబ్బ మిగతావాళ్లకు తగలడం చూశారు. బీటా పరీక్షకుడికి నష్టపరిహారం ఉండదు. ఒప్పందంలో ఆ మాట ముందే రాసి ఉంటుంది. మనం చదవకుండా ‘అంగీకరిస్తున్నాను’ నొక్కుతాం.

ఇక బయటికొచ్చే దారి. విండోస్‌లో కొత్త వెర్షన్‌కు మారాక వెనక్కి వెళ్లే బటన్ మామూలుగా 10 రోజులే ఉంటుంది. ఆ గడువు దాటితే, ముఖ్యంగా డెవ్, కెనరీ అనే తొలిదశ పరీక్ష చానెళ్లలో ఉన్నవాళ్లు, అంతా చెరిపి కొత్తగా ఎక్కించుకోవలసిందే. అలాగని అక్కడే ఉండిపోదామన్నా కుదరదు. ఇన్‌సైడర్ బిల్డులకు, అంటే వాళ్లకిచ్చే పరీక్ష వెర్షన్లకు, గడువు తేదీ ఉంటుంది, అది ముగిసినవి కొన్నాళ్లు హెచ్చరించి, తర్వాత పనిచేయడం మానేస్తాయి. ఇది కొత్త పద్ధతి కాదు. 2000 సెప్టెంబరులో ఆపిల్ మాక్ ఓఎస్ టెన్ పబ్లిక్ బీటాను 29.95 డాలర్లకు అమ్మింది. డబ్బిచ్చి కొన్న ఆ బీటాకు కూడా 2001 మే 14 ఆఖరు తేదీ. విండోస్ 11 సమయంలో ఇంకో తిరకాసు జరిగింది. కొత్త వెర్షన్ కోరే అర్హతలు లేని కంప్యూటర్లు కొన్ని, అప్పటికే డెవ్ చానెల్‌లో ఉన్నందువల్ల, 2021 వేసవిలో పరీక్ష బిల్డులు అందుకున్నాయి. తుది విడుదల వేళకు అవి తిరిగి విండోస్ 10కు, అదీ మొదటి నుంచి ఎక్కించుకుని, వెళ్లాలని మైక్రోసాఫ్ట్ చెప్పింది. ఆ సెప్టెంబరు 2న, ఎవరూ ఏ అప్‌డేటూ వేసుకోకపోయినా, సర్వరు నుంచి పంపిన ఒక మార్పు వల్ల ఇన్‌సైడర్ల టాస్క్‌బార్, స్టార్ట్ మెనూ బిగుసుకుపోయాయి. అప్‌డేట్‌లు ఆపుకుంటే చాలు అనుకునేవాళ్లకు ఆ తేదీ గుర్తుండాలి.

మన దగ్గర ఇంకొక కోణం ఉంది. మన పనులు చాలావరకు పాత, చిన్న, ఎవరూ పట్టించుకోని సాఫ్ట్‌వేర్ మీద ఆధారపడి నడుస్తున్నాయి. జీఎస్టీ, ఆదాయపు పన్ను, కంపెనీ వ్యవహారాల దాఖలాల్లో వాడే డిజిటల్ సంతకం ఒక యూఎస్‌బీ టోకెన్‌లో ఉంటుంది. దానికి డ్రైవరు కావాలి, సంతకం పెట్టించే సాఫ్ట్‌వేర్ కావాలి. కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ తుది విడుదలైన తర్వాత కూడా ఆ డ్రైవర్లు సర్దుకోవడానికి సమయం పడుతుంది, బీటాలో వాటికి ఎవరూ పూచీ పడరు. ఆడిటరు దగ్గర పనిచేసేవాళ్లు నెలవారీ జీఎస్టీ దాఖలాకు గడువైన 20వ తేదీ ముందురోజు టోకెన్ కనబడక తలపట్టుకోవడం ఎంత నరకమో వాళ్లనే అడగాలి. మన డీటీపీ సెంటర్లలో ఇప్పటికీ తెలుగు టైపు చేసే అను స్క్రిప్ట్‌తో, పేజీలు కూర్చే, 2001లో 7.0 వచ్చాక మరో పెద్ద వెర్షన్ రాని పేజ్‌మేకర్‌తో పెళ్లి శుభలేఖలు, కరపత్రాలు, పుస్తకాలు తయారవుతున్నాయి. అటువంటి యంత్రాన్ని కదిలించకపోవడమే దాన్ని కాపాడుకోవడం. అమెరికాలోనో హైదరాబాదులోనో ఐటీ ఉద్యోగం చేసేవాళ్లకు ఆఫీసు ఇచ్చిన ల్యాప్‌టాప్ అసలు తమది కాదు. దాని వీపీఎన్, భద్రతా సాఫ్ట్‌వేర్ బీటాలో పనిచేయకపోతే పని ఆగిపోతుంది, పైగా సంజాయిషీ చెప్పుకోవాలి. పైన చెప్పిన ప్రమాదాలన్నీ పక్కన పెట్టినా, ఇన్‌సైడర్‌గా ఉండాలంటే అదనపు వినియోగ వివరాలు మైక్రోసాఫ్ట్‌కు పంపడానికి ఒప్పుకోక తప్పదు. క్లయింట్ల కాగితాలు ఉన్న కంప్యూటర్‌లో అది చిన్న సంగతి కాదు.

ఇంతా విన్నాక కూడా కొత్త వెర్షన్ చూడాలనే కోరిక ఉంటే, దాన్ని నేను గౌరవిస్తాను. మూలన పడి ఉన్న పాత ల్యాప్‌టాప్ అన్నిటికంటే మంచి మార్గం, అది కొత్త వెర్షన్‌కు తగినదైతే. అది లేకపోతే వర్చువల్ మెషీన్, అంటే ఉన్న సిస్టమ్ లోపల ఒక కిటికీలో నడిచే ఇంకో కంప్యూటర్. అసలు హార్డ్‌వేర్‌తో దానికి నేరుగా సంబంధం ఉండదు కాబట్టి బ్యాటరీ, వైఫై, ప్రింటరు లాంటివి అందులో తేలవు గాని, మెనూలు, ఫాంట్లు, కీబోర్డు బాగానే పరీక్షించవచ్చు. మాక్‌లో డిస్కును విడగొట్టకుండానే వేరే ఏపీఎఫ్‌ఎస్ వాల్యూమ్‌లో, అంటే అదే డిస్కులో విడిగా కనబడే భాగంలో, బీటా ఎక్కించుకోవచ్చు, చాలామంది దీన్నే పూర్తి రక్షణ అనుకుంటారు. నేను అనుకోను. రెండు వాల్యూములూ ఒకే డిస్కులో, ఒకే ఖాళీ జాగాను పంచుకుంటూ ఉంటాయి. ఇన్‌స్టాలరుతో వచ్చే ఫర్మ్‌వేర్ (యంత్రం చిప్‌లలోనే ఉండే మూల సాఫ్ట్‌వేర్) మార్పు యంత్రమంతటికీ వర్తిస్తుంది. బయటి ఎస్‌ఎస్‌డీ మీద వేసుకోవడం కొంత నయం.

ఎక్కడ వేసినా సరే, అసలు అకౌంటుతో సైన్ ఇన్ కావద్దు. పరీక్ష కోసమే ఒక కొత్త అకౌంటు తెరిచి, రోజూ వాడే క్లౌడ్‌ను దానికి చూపించకుండా ఉంచాలి. ఇన్‌స్టాల్ చేసే ముందు బ్యాకప్ తీసి, ఆ డ్రైవును కంప్యూటర్ నుంచి విప్పేసి బీరువాలో పెట్టాలి. తగిలించి ఉన్న డ్రైవును కూడా కొత్త సిస్టమ్ తాకగలదు. తీసిన బ్యాకప్ నుంచి నాలుగు ఫైళ్లు తెరిచి చూసుకోవాలి. చాలామంది బ్యాకప్ తీస్తారు గాని, అది తెరుచుకుంటుందో లేదో నష్టం జరిగిన రోజునే మొదటిసారి చూస్తారు.

ఆ రెండో యంత్రంలో మనం చేయగల మేలు చాలా ఉంది. తెలుగు కీబోర్డు పెట్టుకుని స్త్రీ, రాష్ట్రం, లక్ష్మి, జ్ఞానం వంటి మాటలు టైపు చేసి చూడండి. ఒత్తులు సరైన చోట కూర్చున్నాయా, బ్యాక్‌స్పేస్ నొక్కితే ఒక్క గుర్తే పోతోందా లేక అక్షరం మొత్తం పోతోందా, పెద్ద ఫాంటులో పై గుడి, కింది వత్తు తెగిపోకుండా కనబడుతున్నాయా, పీడీఎఫ్ నుంచి కాపీ చేసిన తెలుగు వేరే చోట అతికిస్తే అలాగే వస్తోందా చూడండి. తప్పు కనబడితే స్క్రీన్‌షాట్ తీసి, ఏ యాప్‌లో, ఏ ఫాంటుతో, ఏ మాట టైపు చేస్తే వచ్చిందో ఫీడ్‌బ్యాక్‌లో రాయండి. తీవ్రత ఎంతో అడిగే చోట సందేహించకుండా ఉన్నదున్నట్టు గుర్తు పెట్టండి. రెండు రోజులాగి, ఆ ఫిర్యాదుకు మీ స్నేహితుల చేత కూడా ఓట్లు వేయించండి.